అమ్మ మోకాలి ఆపరేషన్: మత్తు సూదికి ముందు, తరువాత

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. మా అమ్మకు 67 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ముందుగా కుడి మోకాలు మార్చాలని తిరుపతిలో డాక్టరు చెప్పారు. ముహూర్తం చూసుకుని వచ్చే నెలలో తేదీ ఖాయం చేసుకున్నాము, ఇంకా నాలుగు వారాలుంది. అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. మూడు నెలల సగటు షుగరు 8.6, హిమోగ్లోబిన్ 10.4 అని రిపోర్టులో ఉంది. వక్కాకులో పొగాకు వేసుకునే అలవాటు కూడా ఉంది. వెన్నుకు సూది వేస్తే జన్మంతా నడుము నొప్పి తప్పదని మా పెద్దమ్మ అంటోంది. పూర్తి మత్తు ఇస్తే ఈ వయసులో మతిమరుపు వస్తుందని పక్కింటివాళ్లు అంటున్నారు. పది రోజుల ముందే మాత్రలన్నీ ఆపేయమని మా మామ చెప్పారు. రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకూడదని ఒకరంటే, ఉదయం తాగవచ్చని ఇంకొకరన్నారు. ఆపరేషన్ మరుసటి రోజే నడిపిస్తారట, అంత తొందర ఎందుకు? నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఎన్నాళ్లు సెలవు పెట్టుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో వెన్ను సూది గురించి, పూర్తి మత్తు గురించి చాలా భయం కనిపించింది గాని, 8.6 అన్న అంకెను మాత్రం ఒక వివరంగా రాసి ముందుకు వెళ్లిపోయారు. మత్తు వైద్యురాలిగా నన్ను కలవరపెట్టింది ఆ అంకే. దాని పక్కనున్న 10.4, ఆ తరువాతి వక్కాకు కూడా అంతే. రోగిని కొన్ని వారాల ముందు నుంచి ఆపరేషన్‌కు సిద్ధం చేయడం, ఆపరేషన్ అయ్యాక నొప్పి తెలియకుండా త్వరగా లేచి తిరిగేలా చూడడం కూడా ఇప్పుడు మత్తు వైద్యంలో భాగమే. 1990లలో డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్ పెద్దపేగు ఆపరేషన్లలో ఈ పద్ధతిని ఆచరించి చూపిన తరువాత, అది మోకాలి, తుంటి ఆపరేషన్లకూ పాకింది. అందుకని సూది సంగతి కాస్త ఆగి చెబుతాను; ముందు మీ చేతిలో ఉన్న ఈ నాలుగు వారాల సంగతి చూద్దాం.

షుగరు అదుపులో లేని శరీరంలో గాయం ఆలస్యంగా మానుతుంది, క్రిములు త్వరగా చేరతాయి. మామూలు గాయానికి చీము పడితే మందులతో తగ్గించవచ్చు గాని, లోపల పెట్టిన కృత్రిమ కీలుకు చీము పడితే ఒక్కొక్కసారి ఆ కీలునే తీసివేసి, నెలల తరబడి మందులు వాడి, మళ్లీ ఆపరేషన్ చేయవలసి వస్తుంది. అందుకే చాలామంది వైద్యులు ఈ సగటు 8కి లోపు, కొందరు 7.5కి లోపు వచ్చాకనే మోకాలు మార్చడానికి ఒప్పుకుంటారు. అది మూడు నెలల సగటు కాబట్టి నాలుగు వారాల్లో పూర్తిగా దిగిరాదు. అయినా ఈ వారమే షుగరు డాక్టరును కలిసి మందులు సవరించుకుని, పరగడుపున, భోజనం తరువాత చూసిన అంకెలను ఒక నోటు పుస్తకంలో రాసిపెడితే, పరిస్థితి ఎటు వెళుతోందో ఆ పుస్తకమే చెబుతుంది.

ఆడవారికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 10.4తో ఆపరేషన్‌కు వెళితే రక్తం ఎక్కించవలసిన అవకాశం పెరుగుతుంది, కోలుకోవడమూ నెమ్మదిస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు రక్తం తక్కువంటే తిండి సరిగా లేకపోవడమే కారణమని అనుకుంటాం. మీ అమ్మగారి విషయంలో ఇంకో రెండు కారణాలను తప్పక చూడాలి. స్టెంటు వేసినవారు వాడే మాత్రల వల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం కారుతూ ఉండవచ్చు, కాబట్టి మలం నల్లగా వస్తోందా అని ఆమెను అడగండి. షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది, అందుకు క్రియాటినిన్ పరీక్ష ఉంది. ఐరన్ లోపమే అని తేలితే మాత్రలతో నెలలు పడుతుంది. సమయం తక్కువగా ఉన్నప్పుడు సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఇచ్చే ఐరన్ త్వరగా పనిచేస్తుంది.

పొగాకును ఈ రోజే మానిపించండి. నమిలినా, పొగ తాగినా అందులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను కుదించి, కోత పెట్టిన చోటికి చేరవలసిన రక్తాన్ని తగ్గిస్తుంది. నాలుగు వారాలు మానగలిగితే ప్రయోజనం స్పష్టంగా ఉంటుంది. ఆకు, వక్క నోట్లో లేకపోతే తోచదని ఆమె అంటే సోంపు చేతికివ్వండి.

ఇవన్నీ నాలుగు వారాల్లో కుదురుకోకపోతే తేదీని వెనక్కి జరపమని మీరే అడగండి. మోకాలి మార్పిడి రేపే చేయకపోతే ప్రాణం మీదికి వచ్చే ఆపరేషన్ కాదు. ముహూర్తం మీద మీ ఇంట్లో ఉన్న నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. ఆరు వారాల తరువాత కూడా మంచి రోజు తప్పక ఉంటుంది, అప్పటికి షుగరు దిగి ఉంటే ఆ రోజు ఇంకా మంచిది.

ఇక మత్తు డాక్టరును కలవడం. మన ఊళ్లలో దీన్ని ఫిట్‌నెస్ తెచ్చుకోవడం అంటారు, ఈసీజీ, రక్త పరీక్షల కాగితాలు చూపించి సంతకం పెట్టించుకోవడంతో అది పూర్తయిందనుకుంటారు. రుయాలో చేయించుకున్నా, స్విమ్స్‌లో, బర్డ్‌లో చేయించుకున్నా, వేలూరు వెళ్లినా, ప్రైవేటు నర్సింగ్ హోములో చేరినా, మీ అమ్మగారిని వెంటబెట్టుకుని కనీసం రెండు మూడు వారాల ముందు ఆ డాక్టరు ఎదుట కూర్చోండి. ఆమె వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు నోటితో చెప్పడం కన్నా అదే మేలు. కదులుతున్న పళ్లు, కట్టుడు పళ్లు, రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్లు కావడం, ఏ మందైనా పడకపోవడం, వెనక జరిగిన ఆపరేషన్లలో మత్తుతో వచ్చిన ఇబ్బంది, ఇవన్నీ చెప్పాలి. ఇంకొక మాట కూడా దాచవద్దు: మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొట్లాల మందు ఆమె ఎప్పుడైనా వాడారా? అటువంటి పొడులు కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపి ఉంటాయి. వాటిని చాలాకాలం వాడినవారి శరీరం ఆపరేషన్ సమయంలో కావలసిన సహజ స్టెరాయిడ్‌ను తానుగా తయారు చేసుకోలేక రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది. ముందే తెలిస్తే దానికి తగిన ఇంజెక్షన్ ఇస్తారు.

తిరుపతి చుట్టుపక్కల పెద్దవారిని నేను తరచు అడిగే ప్రశ్న, ఆఖరుసారి కొండకు నడిచి ఎప్పుడు ఎక్కారని. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. అన్ని అవసరం లేదు, ఆగకుండా రెండు అంతస్తులు ఎక్కగలిగినవారి గుండెకు ఆపరేషన్ ఒత్తిడిని తట్టుకునే శక్తి సాధారణంగా ఉంటుంది. మోకాళ్లు అరిగినవారితో చిక్కు ఏమిటంటే, వారు నొప్పికి భయపడి ఇంటి గడప దాటరు, అందువల్ల ఆయాసం వస్తుందో లేదో వారికే తెలియదు. స్టెంటు కూడా ఉంది కాబట్టి మీ అమ్మగారిని గుండె డాక్టరు ఒకసారి చూడడం, అవసరమనుకుంటే ఎకో తీయించడం మంచిది.

మాత్రల గురించి మీ మామగారు చెప్పినది దయచేసి పాటించవద్దు. అన్నీ ఒకేసారి ఆపడం స్టెంటు ఉన్నవారికి ప్రమాదం. మామూలుగా జరిగేది ఇది: రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రల్లో క్లోపిడోగ్రెల్ ఉంటే, వెన్ను సూదికి 5 నుంచి 7 రోజుల ముందు దాన్ని ఆపుతారు, ఆస్పిరిన్‌ను మాత్రం స్టెంటు ఉన్నవారిలో ఎక్కువగా కొనసాగిస్తారు. ఇక్కడే చాలామంది ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. మన దగ్గర ఈ రెండు మందులూ కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు. క్లోపిడోగ్రెల్ ఆపమన్నారని ఆ మాత్ర మానేస్తే ఆస్పిరిన్ కూడా దానితోపాటు ఆగిపోతుంది. అట్ట వెనుక రాసిన పేర్లను చదవండి, రెండూ కలిసి ఉంటే ఆస్పిరిన్‌ను విడిగా రాసి ఇమ్మని అడగండి. ఏది ఏ తేదీన ఆపాలి, మళ్లీ ఏ తేదీన మొదలుపెట్టాలి అనేది గుండె డాక్టరు, మత్తు డాక్టరు, ఎముకల డాక్టరు కలిసి నిర్ణయించి కాగితం మీద రాయాలి.

షుగరు మాత్రల్లోనూ ఇటువంటిదే ఒకటి ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి, గ్లిఫ్లోజిన్ అని ముగిసే పేరున్న మందులను ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు నుంచి ఆపాలి. వాటిని వాడుతూ ఆకలితో ఉంటే, పరీక్షలో షుగరు పెద్దగా కనిపించకపోయినా రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రమాదం వస్తుంది. ఇవి కూడా మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా దొరుకుతాయి కాబట్టి అట్ట చూడనిదే తెలియదు. ఇన్సులిన్ తీసుకుంటుంటే మోతాదు తగ్గిస్తారు గాని, మీ అంతట మీరు పూర్తిగా మానిపించకూడదు. బీపీకి వాడే మెటోప్రొలాల్ వంటివాటిని, కొలెస్టరాల్ మాత్రను ఆ రోజు ఉదయం కూడా ఒక గుక్క నీళ్లతో వేయిస్తారు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివాటిని చాలామంది 24 గంటల ముందు ఆపిస్తారు, ఎందుకంటే మత్తులో రక్తపోటు మరీ దిగిపోవచ్చు.

నీళ్ల విషయంలో మీకు రెండు మాటలు వినిపించడానికి కారణం ఉంది. 1946లో అమెరికా వైద్యుడు మెండెల్సన్, కాన్పు సమయంలో మత్తులో ఉన్న స్త్రీల కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి కలిగే ప్రమాదాన్ని వివరించారు. ఆ తరువాత అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదన్న నియమం ప్రపంచమంతటా స్థిరపడింది. నీరు కడుపులోంచి చాలా త్వరగా ఖాళీ అవుతుందని తేలాక ఆ నియమం మారింది. ఇప్పటి మార్గదర్శకాల ప్రకారం ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారానికి, పాలకు ఆరు గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనానికి ఎనిమిది గంటలు, నీటికి రెండు గంటలు వ్యవధి ఉంటే చాలు. రాగి అంబలి, మజ్జిగ, పాలు కలిపిన కాఫీ నీటి లెక్కలోకి రావు, అవి ఆహారమే. అయితే చాలాకాలంగా షుగరు ఉన్నవారిలో కొందరికి జీర్ణకోశం నెమ్మదిస్తుంది. కొద్దిగా తిన్నా కడుపు నిండినట్లు ఉండటం, తరచు తేన్పులు, వాంతులు ఉంటే మత్తు డాక్టరు ఎక్కువ వ్యవధి పెట్టవచ్చు. అందువల్ల ఎన్ని గంటలకు ఆఖరు గ్లాసు తాగాలో గడియారం చూపించి అడిగి తెలుసుకోండి. ఎండాకాలంలో, షుగరు మందులు వాడుతున్న 67 ఏళ్ల మనిషిని రాత్రి పది నుంచి మధ్యాహ్నం దాకా గొంతు తడవకుండా కూర్చోబెట్టడం మాత్రం మంచి వైద్యం కాదు.

ఇప్పుడు వెన్ను సూది. వెన్నుపాము పెద్దవారిలో నడుము పైభాగంలోని మొదటి, రెండవ ఎముకల దగ్గరే ముగిసిపోతుంది. ఆ కింద ద్రవంలో తేలే నరాల పోగులు మాత్రమే ఉంటాయి, గుర్రపు తోకలా. మేము సూది వేసేది ఇంకా కిందకు, మూడవ, నాల్గవ ఎముకల మధ్య. రోగిని బల్ల అంచున కూర్చోబెట్టి, తల వంచి, వీపును గుండ్రంగా చేయమంటాము. ముందు చర్మానికి చిన్న సూదితో తిమ్మిరి మందు ఇస్తాము, కాబట్టి ఆ తరువాత ఒత్తిడి తెలుస్తుంది గాని నొప్పి పెద్దగా తెలియదు. ఇప్పటి సూది మందం అర మిల్లీమీటరు ఉంటుంది. కొన కోసినట్లు గాక పెన్సిల్ ములుకులా ఉండి, పొరను చీల్చకుండా పక్కకు తొలగించుకుంటూ వెళుతుంది. సుమారు మూడు మిల్లీలీటర్ల మందు లోపలికి చేరగానే కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, పది నిమిషాల్లోపు నడుము కింద నొప్పి తెలియకుండా పోతుంది. సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు కొద్దిగా నొప్పి ఉండవచ్చు. జన్మంతా ఉండే నడుము నొప్పికి ఈ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు; మన ఆడవారిలో కాన్పుల తరువాత, వయసు పెరిగాక వచ్చే నడుము నొప్పికి వేరే కారణాలెన్నో ఉన్నాయి, సూది గుర్తుండిపోతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి కొందరికి వస్తుంది. వయసు పైబడినవారిలో అది తక్కువ, వచ్చినా వైద్యం ఉంది. నరాలు దెబ్బతినడం వంటి తీవ్రమైన హాని చాలా అరుదు. రక్తం పలచబరిచే మందులను సరైన వేళకు ఆపకుండా సూది వేసినప్పుడే ఆ భయం పెరుగుతుంది, పైన అంతసేపు మాత్రల గురించి రాయడానికి అదొక కారణం.

పూర్తి మత్తు వల్ల మతిమరుపు వస్తుందన్న మాటకు వస్తే, పెద్దవారిలో కొందరు ఆపరేషన్ తరువాత రెండు మూడు రోజులు అయోమయంగా మాట్లాడడం, రాత్రిళ్లు లేచి కూర్చోవడం, సొంతవారిని గుర్తుపట్టకపోవడం నిజమే. అయితే అది పూర్తి మత్తు వల్లనే అనుకోవడానికి ఆధారం బలంగా లేదు. అమెరికా, కెనడాలలో తుంటి విరిగిన 1,600 మందికి కొందరికి వెన్ను మత్తు, కొందరికి పూర్తి మత్తు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2021లో వెలువడింది. 60 రోజుల తరువాత నడవగలగడంలో గాని, ఈ అయోమయంలో గాని రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మోకాలి మార్పిడికి నేను సాధారణంగా వెన్ను మత్తునే ఎంచుకుంటాను, కానీ వెన్నెముక వంకర వల్లనో, మందుల వల్లనో అది కుదరకపోతే పూర్తి మత్తుకు భయపడవలసిన పని లేదు. అయోమయాన్ని తగ్గించేవి వేరే ఉన్నాయి, అవి చాలావరకు మీరు చేయగలిగినవి. ఆమె కళ్లద్దాలు, చెవి మిషను ఉంటే అది, ఆపరేషన్ అయిన వెంటనే ఆమెకు అందాలి. పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వాలి, రాత్రి దీపం ఆర్పి నిద్రపోనివ్వాలి. తెలిసిన గొంతు పక్కన ఉండాలి. నిద్ర పట్టడం లేదని ఆమె అలవాటుగా వాడే నిద్రమాత్రలేవైనా ఉంటే ముందే చెప్పాలి.

ఆపరేషన్ గదిలో జరిగే వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. వేలికి తగిలించే ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, ఈసీజీ, రక్తపోటు పట్టీ మొదటి నుంచి చివరి దాకా ఉంటాయి. వాటిని చూస్తూ మత్తు డాక్టరు పక్కనే ఉంటారు. రక్తస్రావం తగ్గడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తారు. ఇది 1962లో జపాన్ శాస్త్రవేత్తలు వెలువరించిన మందు, స్టెంటు ఉందని గుర్తుచేస్తే దాన్ని ఎలా వాడాలో వారు చూసుకుంటారు. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ వేస్తారు. కాలి మీది వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయవద్దు, చిన్న గాట్లలో క్రిములు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పరుతో తీస్తారు. మెట్టెలు, గాజులు ఇంట్లోనే తీసి వెళ్లడం మేలు. మంగళసూత్రం తీయడానికి ఆమె మనసు ఒప్పకపోతే, బంగారం బదులు పసుపుతాడు మెడలో ఉంచుకుంటామని ముందే అడగండి. సాధారణంగా అభ్యంతరం చెప్పరు.

మరుసటి రోజే నడిపించడం ఆసుపత్రివారి తొందర కాదు. మంచం మీద ఉండిపోయిన కాలి పిక్కలో రక్తం గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది, పేగులు మందగిస్తాయి, తొడ కండరం రోజురోజుకూ బలహీనపడుతుంది. ఒకప్పుడు నొప్పి వల్ల నడిపించలేకపోయేవారు. తొడ ముందుభాగపు పెద్ద నరానికి మందు వేస్తే నొప్పి తగ్గేది గాని కండరం కూడా సడలి, లేచినప్పుడు మోకాలు కుంగి రోగి పడిపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు అల్ట్రాసౌండు తెర మీద చూస్తూ తొడ మధ్యలో ఇంకాస్త కిందకు, నొప్పిని మోసే నరానికే మందు వేస్తున్నాము. కండరం బలం చాలావరకు అలాగే ఉంటుంది. ఈ సదుపాయం అక్కడ ఉందో లేదో మీరు అడగవచ్చు. దానికి తోడు పారాసిటమాల్ వేళకు ఇస్తారు. వాపు తగ్గించే నొప్పి మాత్రలను మాత్రం గుండె, మూత్రపిండాల స్థితి చూసి నిర్ణయిస్తారు. మన పెద్దవాళ్లు నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అనుకుంటారు. ఆ ఓర్పు ఇక్కడ కీడు చేస్తుంది, ఎందుకంటే నొప్పి ఉన్నవారు కాలు వంచరు, కాలు వంచకపోతే కొత్త మోకాలు బిగుసుకుంటుంది. నొప్పి ముదరకముందే నర్సుకు చెప్పమని ఆమెకు నచ్చజెప్పండి.

ఇంటికి వచ్చాక పథ్యం పేరుతో చారన్నం, రొట్టె మాత్రమే పెట్టవద్దు. పప్పు తింటే చీము పడుతుందన్న మాట చాలా ఇళ్లలో విన్నాను. గాయం మానడానికి కావలసినది ఆ పప్పులోని మాంసకృత్తులే. మూత్రపిండాలు బాగుంటే పప్పు, గుడ్డు, పెరుగు, అలసందలు, అలవాటుంటే కోడి కూర పెట్టండి. రాగి సంగటి తినవచ్చు, షుగరు చూసుకుంటూ ముద్ద పరిమాణం తగ్గించండి.

మీ సెలవు సంగతి. మొత్తం సెలవును ఆపరేషన్ రోజు నుంచి లెక్కపెట్టవద్దు. ఒక రోజును మత్తు డాక్టరును కలవడానికి వాడుకోండి, ఆ సంభాషణలో మీరు ఉండాలి, అంగీకార పత్రం మీద సంతకం మాత్రం మీ అమ్మగారే, అర్థం చేసుకుని పెట్టాలి. ఆపరేషన్ తరువాత మొదటి రెండు రాత్రులు మీరే పక్కన ఉండండి, అయోమయం వచ్చేది ఎక్కువగా అప్పుడే. కుట్లు తీసేది సుమారు రెండు వారాలకు, కాబట్టి అంతవరకు ఇంట్లో ఒకరు తోడు ఉండేలా చూసుకోండి. ఈలోపు వాకర్, ఎత్తైన కుర్చీ, కమోడు సిద్ధం చేసి, కాలికి తట్టే పట్టలు, చాపలు తీసేయండి. పిక్క వాచి నొప్పి చేసినా, జ్వరం వచ్చినా, కట్టు తడిసినా, కాళ్లకు తిరిగి వచ్చిన బలం మళ్లీ తగ్గినా, మూత్రం రాకపోయినా ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఫోన్‌తో ఆగకుండా 108కి కబురు పెట్టి తీసుకెళ్లండి.